జౌకు నేల మీద రాయి

పోయిన వారం మిమ్మల్ని మీటింగు గది తలుపు దగ్గర నిలబెట్టి వెళ్లిపోయాను. ఏమీ అనుకోకండి, ఆ తలుపు తోయడానికి నాకూ కాస్త ఊపిరి కావాల్సి వచ్చింది. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను, పాతవాళ్లు కాసేపు ఓపిక పట్టండి.

మా ఊరికి మంచినీళ్లిచ్చే వాగు మా పెద్దమ్మ భూమిలో పుడుతుంది. కొండ వాలులో, గడ్డి మధ్య, అడుగేస్తే చెప్పు ఊడి లోపలే ఉండిపోయేంత మెత్తటి నేల ఒకటుంది. మా ఇంట్లో దాన్ని జౌకు అంటాం. వానలు పడ్డప్పుడు ఆ జౌకు నీళ్లు పట్టి ఉంచుకుని, ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా కింద ఊటకి వదులుతుంది. దాన్ని ఎవరూ తవ్వకుండా, దాని మీద ఎవరూ కట్టకుండా చూస్తామని ముగ్గురు కలిసి పెద్దమ్మకి మాటిచ్చి ఒప్పందం చేసుకున్నారు. ఒకరు మా సంఘం. టైలరు షాపు మీద రెండు గదుల్లో నడిచే చిన్న సంఘం. మా పిన్ని మొదలుపెట్టింది, ఆవిడ పోయాక బాబాయి అధ్యక్షుడయ్యాడు, కొండెక్కి దిగే పని మాత్రం నాది. రెండోవారు ఊరి నీటి సరఫరా శాఖ. మూడోవారు నగరంలో ఉండే పెద్ద ఫౌండేషను. ఆ పెద్దమనుషులే ఇప్పుడు సరిగ్గా ఆ జౌకు మీద ‘నీటి పాఠశాల’ కడతామని బొమ్మ గీసుకొచ్చారు. నీళ్లనెలా కాపాడుకోవాలో పిల్లలకి నేర్పడానికట! నీళ్లు పుట్టే చోట మట్టి పోసి, సిమెంటు పరిచి, దాని మీద కూర్చోబెట్టి నేర్పుతారట. ఆ బొమ్మ గది బయట గోడకి అంటించి ఉండగా చూశాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడ ఆగాం.

తలుపు తోశాను.

లోపల ముగ్గురే ఉన్నారు. టేబులుకి ఆ చివర ఫౌండేషను డైరెక్టరుగారు. ఆయన ఎప్పుడొచ్చినా తెల్ల బూట్లే వేసుకుంటాడు, అందుకని నేను చాటుగా తెల్లబూట్లాయన అంటాను. కొండలూ వాగులూ కాపాడేవాడు తెల్ల బూట్లు వేసుకున్నాడంటే వాటి దగ్గరికి వెళ్లే ఉద్దేశం లేదని అర్థం. ఆయన పక్కన నీటి శాఖ ఇంజినీరమ్మ, ఈ వేసవిలోనే బదిలీ మీద వచ్చింది. వాళ్లకి ఎదురుగా బాబాయి. నన్ను చూడగానే బాబాయి ముందున్న కప్పులోకి చూడటం మొదలుపెట్టాడు.

“రండి మేడమ్, మీ గురించే అనుకుంటున్నాం” అన్నాడు డైరెక్టరు.

“నా గురించి అనుకునేవాళ్లు నన్ను పిలిచి అనుకోవచ్చుగా. మీటింగుందని నాకు కింద టైలరుగారు చెప్పాల్సి వచ్చింది.”

“చిన్న మీటింగే. నిర్ణయం ఎప్పుడో అయిపోయింది. పని తేదీలు మాట్లాడుకుంటున్నామంతే.”

“ఏం నిర్ణయం?”

ఆయన ఓపికగా నవ్వాడు. అలా నవ్వేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. “ఒప్పందంలో వెసులుబాటు ఉంది కదా మేడమ్. ముగ్గురు భాగస్వాములూ సరేనంటే, చదువు చెప్పడానికి చిన్న కట్టడం ఒకటి కట్టుకోవచ్చు. మేం సరేనన్నాం. శాఖవారు సరేనన్నారు. మీ సంఘం తరఫున అధ్యక్షులవారు సరేనన్నారు.”

నేను బాబాయి వైపు తిరిగాను. “బాబాయ్?”

బాబాయి కప్పు పక్కకి జరిపాడు. “ముందు కూర్చో అమ్మడూ.”

“నేను కూర్చోను. నువ్వు సరేనన్నావా?”

“అన్నాను.”

“ఎక్కడ అన్నావు? ఈ కుర్చీలో కూర్చునా? పిన్ని పెట్టిన పద్ధతి మర్చిపోయావా?”

మా సంఘానికి ఒక పద్ధతి ఉంది. ఏ నేల గురించి మాట చెప్పాలన్నా, ఆ నేల మీద నిలబడే చెప్పాలి. గదిలో కూర్చుని చెప్పింది లెక్కలోకి రాదు. ఒప్పందం రాసుకున్న రోజు పిన్ని ఆ షరతు అందులో పెట్టించింది. అప్పటి ఫౌండేషనువాళ్లు ముసిముసిగా నవ్వారు. నవ్వితే నవ్వనీ అని పిన్ని వాళ్లందర్నీ వానలో జౌకు మధ్యకి తీసుకెళ్లి, పిక్కల దాకా బురదలో నిలబెట్టి, అప్పుడు చెప్పించింది మాట.

“నిలబడే చెప్పాను” అన్నాడు బాబాయి. గొంతు మరీ చిన్నగా ఉంది. “వేసవిలో వెళ్లాం కదా అందరం. నువ్వు ముందు దిగిపోయాక అక్కడే చెప్పాను.”

అది నిజమే. నిజం కాబట్టే కోపం ఇంకా పెరిగింది.

పిన్ని ఉన్నన్నాళ్లూ భాగస్వాములందరూ కలిసి ఆ భూమి చుట్టి రావడం వానాకాలంలోనే జరిగేది. ఆవిడ పోయాక బాబాయి దాన్ని వేసవికి మార్చాడు. నగరం నుంచి వచ్చేవాళ్లకి సెలవులు వేసవిలో ఉంటాయట, వానలో జారిపడితే బాగుండదట, ఫోటోలు కూడా ఎండలోనే బాగా వస్తాయట. నేను వద్దన్నాను. ఎవరు వింటారు? అప్పటి నుంచీ ప్రతి వేసవీ టోపీలు పెట్టుకుని వస్తారు, ఎండిపోయి పగుళ్లిచ్చిన జౌకు మీద హాయిగా నడుస్తారు, నీటిసీసాలెత్తి గటగటా తాగి దిగిపోతారు. జౌకు తడిగా ఉండగా చూసినవాడు ఆ ఫౌండేషనులో ఇవాళ ఒక్కడూ లేడు. అలాంటి వాళ్లు గీసిన పటంలో ఆ చోటు ఏమని రాసి ఉందో తెలుసా? ‘ఖాళీ స్థలం’! చెరువుని ఎండాకాలంలో చూసి ఆటస్థలం అని రాసుకున్నట్టుంది వీళ్ల సంగతి.

ఇంజినీరమ్మ వైపు తిరిగాను. “మీకు తెలీదా అండీ, వాగు ఎక్కణ్నించి వస్తుందో?”

ఆవిడ కొంచెం ఇబ్బందిగా కదిలింది. “ఊట కింద ఉందన్నారు. కట్టేది పైన. నాకు చూపించినప్పుడు అదంతా గట్టి నేలండీ. నడిచాను కూడా.”

“చూపించినప్పుడు!” అన్నాను. “ఎప్పుడు చూపించాలో బాగా తెలుసు వీళ్లకి.”

“మేడమ్, ఆవేశం వద్దు” అన్నాడు తెల్లబూట్లాయన. “నిజానికి మీ కుటుంబం గర్వపడాల్సిన విషయం ఇది. సార్, మీరు ఇంకా చెప్పలేదా?”

బాబాయి తల మరింత వంచుకున్నాడు. డైరెక్టరే చెప్పాడు, బహుమతి ఇస్తున్నంత సంబరంగా. ఆ పాఠశాలకి మా పిన్ని పేరు పెడుతున్నారట. పేరు చెక్కిన రాయి తయారైపోయి, వేసవి చివర్లోనే, నేను ఆఖరిసారి కొండ దిగి వచ్చాక, అక్కడ నాటేశారట కూడా. సోమవారం ఫౌండేషను ట్రస్టీలు వచ్చి దాని మీద గుడ్డ తీస్తారట.

ఇన్నాళ్లూ బాబాయికి భయమనుకున్నాను, మొహమాటమనుకున్నాను, ఫౌండేషను లేకపోతే మా రెండు గదుల అద్దె ఎవరు కడతారన్న బెంగ అనుకున్నాను. ఇది మాత్రం నా ఊహకి కూడా రాలేదు.

“పిన్ని పేరా?” అన్నాను. “జౌకుని పూడ్చేసి దాని మీద పిన్ని పేరు పెడతావా? ఆవిడకి నువ్వేమవుతావు బాబాయ్?”

“అమ్మడూ!”

“లేదు, చెప్పు. ఆ నేల కోసం ఆవిడ ఎవరెవరి కాళ్లు పట్టుకుందో నీకు తెలీదా? జ్వరంతో ఉండి కూడా వానలో కొండెక్కలేదా? ఇప్పుడు వీళ్లు దాన్ని చంపేస్తుంటే సంతకం మా పిన్నిది పెడతావా?”

బాబాయి అప్పుడు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “ఎక్కడుందే ఆవిడ పేరు? చెప్పు నువ్వు. ఇన్నేళ్లు చెప్పులరిగేలా తిరిగింది. ఊళ్లో ప్రతివాడూ ఆవిడ కాపాడిన నీళ్లే తాగుతున్నాడు. ఒక్కడికి తెలుసా? ఈ ఆఫీసు బోర్డు మీద లేదు, ఆ ఊట దగ్గర లేదు, ఎక్కడా లేదు. రేపు నేను కూడా పోతే ఆవిడెవరో చెప్పేవాడుండడు. ఒక్క రాయి, అమ్మడూ. ఒక్క రాయి అడిగాను నేను.”

కోపంలో ఉన్నప్పుడు ఎదుటివాడి మీద జాలి కలగడమంత చిరాకు ఇంకోటి లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు కోపం రెట్టింపైంది.

“రాయే కావాలంటే నేను మోసుకొచ్చి పెట్టేదాన్ని, ఏ గట్టు మీదో” అన్నాను. “లే బాబాయ్. పద. అక్కడికెళ్లి నిలబడి మళ్లీ చెప్పు. రెండు రోజులుగా వాన పడుతోంది. ఇప్పుడు నిలబడి చెప్పు, పిన్ని చెప్పించినట్టు.”

“ఈ వానలోనా?” అన్నాడు డైరెక్టరు కిటికీలోంచి చూస్తూ.

“ఏం, నీళ్లంటే భయమా అండీ? నీటి పాఠశాల కదా కడుతున్నారు?”

అందరికన్నా ముందు లేచింది ఇంజినీరమ్మ. గొడుగు తీసుకుంది. “నేను వస్తాను. నేను చూసింది వేసవిలోనే” అంది. ఆవిడ లేచాక మిగతావాళ్లకి కూర్చోవడం కుదరలేదు.

శాఖ జీపులో నేనూ బాబాయీ ఇంజినీరమ్మా, వెనకాల తన కారులో డైరెక్టరు బయల్దేరాం. కొండ మొదట్లోనే పెద్దమ్మ ఇల్లు. మా జీపు చప్పుడుకి తలుపు తీసి, గుమ్మంలో నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. మా పెద్దమ్మ మాట్లాడే ముందు మనిషిని పై నుంచి కిందికి ఒకసారి చూస్తుంది. అది అయ్యేదాకా ఎవరైనా ఆగాల్సిందే.

“ఏం మరిదీ, దారి గుర్తుందన్నమాట” అంది బాబాయితో. “వేసవిలో వచ్చావు, గుంపులో కలిసిపోయి పలకరించకుండానే వెళ్లిపోయావు. చెల్లెలు లేకపోతే వదిన కూడా లేనట్టేనా?”

“అది కాదు వదినా…”

“పెద్దమ్మా, జౌకు మీద బడి కడతారట” అన్నాను. చుట్టూ తిప్పి చెప్పే ఓపిక నాకు లేదు.

“బడేమిటే? పనిముట్లు పెట్టుకునే షెడ్డు అన్నారు కదా నాతో. అది కూడా జౌకు మీద కాదు, పక్కన గట్టు మీదన్నారు.”

అందరం డైరెక్టరుని చూశాం. ఆయన కారు దిగి, ఎక్కడ అడుగు పెట్టాలా అని నేల కేసి చూస్తున్నాడు. “మొదట్లో అదే ఆలోచనమ్మా. తర్వాత కాస్త పెంచాం. ఆ వివరాలన్నీ మీ మరిదిగారికి తెలుసు” అన్నాడు.

షెడ్డు బడి అయింది, గట్టు జౌకు అయింది. భూమి ఎవరిదో ఆ మనిషికి తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు. ఒక పెద్దావిణ్ని ఇంత తేలిగ్గా, ఇంత మర్యాదగా మోసం చెయ్యొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. పెద్దమ్మ లోపలికెళ్లి రెండు పారలు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది, రెండోది తను పట్టుకుంది. “బురదలో ఊతకి” అంది. ఆవిడ మొహం చూస్తే ఊతకి మాత్రమే తెచ్చినట్టు లేదు.

పైకెక్కాం. గడ్డి నడుముల దాకా పెరిగి, వానకి ఓ పక్కకి ఒరిగి ఉంది. మలుపు తిరగ్గానే జౌకు కనిపించింది.

వేసవి తర్వాత ఇంజినీరమ్మ దాన్ని చూడటం అదే మొదటిసారి. ఆవిడ ఆగిపోయింది. నేలంతా మెరుస్తోంది. గడ్డి మొదళ్ల మధ్య అడుగడుగునా నీళ్లే, ఎక్కడా పారడం లేదు, అలా నిండుగా నిలబడి ఉన్నాయి. ఆవిడ ఒక కాలు ముందుకి వేసింది. పిక్క దాకా దిగిపోయింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. కాలొచ్చింది, చెప్పు రాలేదు.

“ఇదా?” అంది. “నేను నడిచింది ఈ నేల మీదేనా?”

“ఇదేనండీ. మీకు చూపించిన పటంలో ఖాళీ స్థలం.”

ఆవిడ మొహం ఎర్రబడింది. డైరెక్టరు వైపు తిరిగి ఏదో అనబోయింది గానీ, అంతలో పెద్దమ్మ కేక విని అందరం అటు చూశాం.

జౌకు మధ్యలో రాయి ఉంది. వేసవిలో గట్టి నేల కదా అని నిటారుగా నాటి వెళ్లారు. ఇప్పుడు అది పక్కకి ఒరిగి, సగానికి పైగా దిగబడిపోయి ఉంది. కప్పిన గుడ్డ జారి నీళ్లలో తేలుతోంది. పైన ఫౌండేషను పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. దాని కింద, చిన్న అక్షరాల్లో చెక్కిన మా పిన్ని పేరు బురదలోకి వెళ్లిపోతోంది. సగం కనిపిస్తోంది, సగం లేదు.

పెద్దమ్మ పార ఆనించుకుంటూ దాని దగ్గరికెళ్లింది. వంగి, ఆ బురద అరచేత్తో తుడిచింది. తుడిచిన కొద్దీ నీళ్లు ఊరి మళ్లీ కప్పేస్తున్నాయి.

“ఇది నా చెల్లెలి పేరు” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

బాబాయి బూట్లు విప్పలేదు, ప్యాంటు మడవలేదు. తిన్నగా నడిచి వెళ్లి రాయి పక్కన నిలబడ్డాడు. మోకాళ్ల దాకా దిగిపోయాడు. చాలాసేపు ఆ అక్షరాల్నే చూశాడు. వాన ఆయన నెత్తి మీంచి కారి కళ్లద్దాల మీద పడుతోంది, తుడుచుకోను కూడా లేదు.

“డైరెక్టరుగారూ” అన్నాడు. ఇన్నాళ్లకి మళ్లీ బాబాయి గొంతు నాకు వినిపించింది. “ఇక్కడ ఏమీ కట్టడానికి లేదు. మా సంఘం ఒప్పుకోదు. నేల మీద నిలబడి చెప్తున్నాను.”

“మా శాఖ కూడా ఒప్పుకోదు” అంది ఇంజినీరమ్మ, ఒంటి చెప్పుతో నిలబడి.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గట్టు మీద నుంచి డైరెక్టరు మాత్రం ఏమాత్రం తొణకలేదు. “ఇలాంటి రోజున ఎవరికైనా మనసు కరుగుతుంది సార్. కానీ ఒకసారి ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే వీలు ఒప్పందంలో లేదు. అదీగాక, పని మొదలైపోయింది.”

“ఏం పని మొదలైంది?” అన్నాను.

అప్పుడు వినిపించింది. అందాకా వాన చప్పుడనుకున్నాను. కాదు, నీళ్లు పారుతున్న చప్పుడు. జౌకు ఏనాడూ చప్పుడు చెయ్యదు. ఎంత వాన పడినా గుటక వేసి ఊరుకుంటుంది. పెద్దమ్మకి కూడా వినిపించింది, ఇద్దరం ఒకేసారి పల్లం వైపు పరిగెత్తాం, మిగతావాళ్లు మా వెనకే.

జౌకు కింది అంచుని నిలువునా కోసేశారు. మనిషి దిగి నడవొచ్చేంత కాలువ, కొత్తగా తవ్వింది. రెండు పక్కలా ఎర్రమట్టి కుప్పలు. అందులోంచి జౌకు నీళ్లు మట్టిని కోసుకుంటూ, గోధుమరంగు నురగతో వాగు వైపు దూకుతున్నాయి. ఏడాదంతా మెల్లగా రావాల్సిన నీళ్లు! కాస్త పైన చెట్ల కింద జేసీబీ ఆగి ఉంది, కొండ అవతలి దారిన తెచ్చినట్టున్నారు, లోపల డ్రైవరు వాన తగ్గేదాకా కునుకు తీస్తున్నాడు.

“ఎవరు తవ్వమన్నారు?” అని అరిచాను.

“పునాది వెయ్యాలంటే నేల ఆరాలి కదా మేడమ్” అన్నాడు డైరెక్టరు. “చిన్న కాలువే. సోమవారానికి ఆరిపోతుందన్నారు.”

చిన్న కాలువట! మా పిన్ని పేరు రాసిన చోట, మా పెద్దమ్మ భూమిలో, మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి తేదీలు మాట్లాడుతూ, అప్పటికే గొంతు కోసేశాడు ఈయన. ఆయన చొక్కా పట్టుకునేదాన్నే. ఇంజినీరమ్మ ఫోను మోగకపోతే ఏం జరిగేదో నాకే తెలీదు.

ఆవిడ విన్నది, రెండు ముక్కలు మాట్లాడింది, పెట్టేసింది. మొహం పాలిపోయింది. “నీళ్లు శుద్ధి చేసే చోటు నుంచి. బురద నీళ్లు వచ్చేస్తున్నాయట, జల్లెడలు పూడిపోయాయట. గేటు మూసెయ్యమన్నాను” అంది.

“మూస్తే ఊళ్లోకి?”

“రావు. ట్యాంకులో ఉన్నంతవరకే. ఆసుపత్రికి కూడా అదే ట్యాంకు.”

పెద్దమ్మ అప్పటికే కాలువలోకి దిగింది. పారతో మట్టి లాగి నీళ్లకి అడ్డం వేస్తోంది. నేనూ దిగాను. ఇద్దరం వేస్తున్నాం, వేసింది వేసినట్టే కొట్టుకుపోతోంది. ఇంజినీరమ్మ చేతుల్తోనే గడ్డి పెళ్లలు పెరికి అందిస్తోంది. అవీ నిలవడం లేదు.

“లాభం లేదే” అంది పెద్దమ్మ రొప్పుతూ. “మొదట్లో ఏదైనా బరువుది పడాలి. అప్పుడే మట్టి నిలుస్తుంది.”

ఆ మాటకి బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. ఏం చూస్తున్నాడో నాకు అర్థమైంది. నేను అడగదలుచుకోలేదు. ఆయన్ని ఆ మాట అడిగే హక్కు నాకు లేదు.

బాబాయే వెళ్లాడు. ఒరిగిన రాయి చుట్టూ చేతులు వేసి ఊపాడు. నాలుగైదు సార్లు ఊపాక బురద దాన్ని వదిలింది.

“ఇటు పట్టు అమ్మడూ” అన్నాడు.

“మరిదీ!” అంది పెద్దమ్మ. “అది దాని పేరు.”

“తెలుసు వదినా. తనే ఉంటే ఈపాటికి వెళ్లి అడ్డం పడుకునేది. రాయిని చూస్తూ కూర్చునేది కాదు.”

పెద్దమ్మ పార పక్కన పడేసి వచ్చింది. తలా ఒక మూల పట్టుకున్నాం, నాలుగో మూల ఇంజినీరమ్మ. జారుతూ, కూలబడుతూ, మళ్లీ లేస్తూ దాన్ని కాలువ మొదటికి చేర్చాం. దించేటప్పుడు బాబాయి ఒక్క క్షణం ఆగమన్నాడు. రాయిని తిప్పించి, పిన్ని పేరున్న వైపు జౌకు వైపు ఉండేలా పెట్టించాడు. తన తడి అరచెయ్యి ఆ అక్షరాల మీద ఒకసారి ఆనించాడు. తర్వాత వదిలేశాడు.

నీళ్లు వచ్చి రాతికి కొట్టుకున్నాయి. పక్కల నుంచి చిమ్మాయి. పెద్దమ్మ అరుస్తూనే ఉంది, ఇటు వెయ్, అటు వెయ్ అని. మట్టి, గడ్డి, చేతికేది దొరికితే అది కూరాం. వేసిన మట్టి ఈసారి నిలిచింది. రాతి వెనక నీళ్లు మెల్లగా పైకి లేచి, పిన్ని పేరు మీదికి వచ్చి, దాన్ని కప్పేశాయి. కాలువలో చప్పుడు సన్నగిల్లింది. నాకు అప్పుడు ఏడుపు ఆగలేదు. బాబాయి నా తల మీద బురద చెయ్యి వేశాడు, నేను తొయ్యలేదు.

“డైరెక్టరుగారేరీ?” అంది ఇంజినీరమ్మ.

గట్టు మీద ఆయన లేడు. తెల్ల బూట్ల జాడలు, ఇప్పుడవి తెల్లవి కావనుకోండి, చెట్ల వైపు వెళ్లి ఉన్నాయి. ఆ చెట్ల కిందనుంచే జేసీబీ ఒక్కసారిగా గుర్రుమంది.

కొమ్మలు తోసుకుంటూ బయటికొచ్చింది. ముందున్న ఇనప తొట్టి పైకి లేస్తోంది. డ్రైవరు పక్కన మెట్టు మీద డైరెక్టరు, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో గొడుగు చాచి మేం వేసిన రాతినే చూపిస్తున్నాడు.

“ఆపండి!” అని ఇంజినీరమ్మ చేతులూపుతూ పరిగెత్తింది. ఆ మోతలో ఆవిడ గొంతు నాకే వినిపించలేదు, డ్రైవరుకేం వినిపిస్తుంది?

“మరిదీ, పైకి రా!” అని పెద్దమ్మ చెయ్యి అందించింది. నేను బాబాయి మోచెయ్యి పట్టుకుని లాగాను.

బాబాయి మెల్లగా నా చెయ్యి విడిపించుకున్నాడు. రాతికి వీపు ఆనించి, వచ్చే యంత్రానికి ఎదురుగా, నడుముల లోతు కాలువలో కూర్చుండిపోయాడు.